సరిహద్దు దాటిన విజిల్

*కరాచీలో బంగ్లాదేశ్‌ను ఓడించి కప్పు తెచ్చిన కోచ్, రెండేళ్లు తిరక్కుండానే ఢాకాలో అదే బంగ్లాదేశ్ జట్టుకు గురువయ్యాడు. ఆయన మన హైదరాబాదీ. అలాంటి కోచ్‌ని కన్న ఊరికి ఇవాళ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) ఫుట్‌బాల్‌లో జట్టే లేదు.*

వరంగల్ హైవే మీద ఉప్పల్ దాటాక బోడుప్పల్, మేడిపల్లి, నారపల్లి. ఫ్లైఓవర్ పిల్లర్ల వరస అయిపోయి ఇంకాస్త ముందుకు పోతే అన్నోజిగూడ. ఆదివారం పొద్దున ఆరున్నర. రోడ్డు దిగి లోపలికి నడిస్తే, ఇంకా ఇళ్లు లేవని ప్లాట్ల మధ్య ఇరవై మంది దాకా పిల్లలు. హద్దురాళ్ల పక్కన నీళ్లసీసాలు పెట్టి వాటినే గోల్‌పోస్టులు చేసుకున్నారు. నేలంతా వెతికి పల్లేరుకాయలు ఏరి ఒక పక్కన కుప్ప పోశారు. మెడలో విజిల్ వేసుకున్న కుర్రాడు వాళ్ల కోచ్. వలసంచిలోంచి బంతులు ఒక్కొక్కటే తీసి బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. గాలి దిగిపోయినవి పక్కకు పెడితే మిగిలినవి నాలుగు. ఇరవై మందికి నాలుగు బంతులు.

పిల్లల్లో ఒకడి ఒంటి మీద వెలిసిపోయిన పసుపు జెర్సీ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీది.

“ఏమైందిరా మీ టీం?” అని అడిగితే, “ఢిల్లీకి పోయింది సార్” అన్నాడు. పక్కింటివాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లారన్నంత మామూలుగా.

కోచ్ కుర్రాడు మిగతా రోజుల్లో నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో పీఈటీ. ‘డి’ లైసెన్సు అయింది, ‘సి’ చేయాలి. “దుబాయ్‌ల, ఖతర్‌ల అకాడమీలు మస్తున్నయట సార్. మనోళ్లను తీస్కుంటరట. గానీ లైసెన్సు అడుగుతున్నరు” అన్నాడు. కోచ్‌గా దేశం దాటి పేరు తెచ్చుకున్న హైదరాబాదీ ఎవరైనా తెలుసా అంటే కాసేపు ఆలోచించి మనోలో మార్కెజ్ పేరు చెప్పాడు. మనోలో స్పెయిన్ నుంచి ఇక్కడికి వచ్చినవాడు. ఇక్కడి నుంచి వెళ్లినవాడి పేరు ఆ కుర్రాడికి ఎవరూ చెప్పలేదు.

ఆ పేరు సయ్యద్ నయీముద్దీన్.

కప్పు వచ్చింది, జట్టు పోయింది

ముందు మనోలో సంగతి. ఎందుకంటే పరాయి దేశంలో కోచ్ ఉద్యోగం ఎలా ఉంటుందో మన ఊరి జనం కళ్లారా చూసింది ఆయనలోనే.

బార్సిలోనాలో పుట్టిన మనోలో, 2017లో స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్‌లో లాస్ పాల్మాస్ జట్టుకు కోచ్ అయ్యారు. లీగ్‌లో ఆరు మ్యాచ్‌లకే ఆ పదవి వదులుకోవాల్సి వచ్చింది. తర్వాత క్రొయేషియా, థాయ్‌లాండ్ తిరిగి 2020లో, యాభై దాటిన వయసులో, హైదరాబాద్ ఎఫ్‌సీకి వచ్చారు. నిజానికి ఆ బాధ్యత మరో స్పెయిన్ కోచ్ ఆల్బర్ట్ రోకాది. ఆయనకు బార్సిలోనా క్లబ్ నుంచి పిలుపు రావడంతో కుర్చీ ఖాళీ అయింది. అంతకుముందు సీజన్‌లో హైదరాబాద్ పట్టికలో అట్టడుగున ఉంది. అలాంటి జట్టును చేతికి తీసుకున్న ఏడాదే కరోనా. ఐఎస్‌ఎల్ మ్యాచ్‌లన్నీ గోవాలో, ఖాళీ స్టేడియాల్లో. కోచ్ హైదరాబాద్ కోచే, హైదరాబాద్ జనం మాత్రం టీవీల్లోనే చూశారు.

2022 మార్చి 20. గోవాలోని ఫతోర్డా స్టేడియంలో ఐఎస్‌ఎల్ ఫైనల్. ఆ రోజు ప్రేక్షకులను రానిచ్చారు. స్టేడియం అంతా పసుపు పసుపు. అయితే ఆ పసుపు మనది కాదు, కేరళ బ్లాస్టర్స్ అభిమానులది. రెండో సగంలో రాహుల్ కేపీ గోల్ కొట్టడంతో కేరళ ముందుకెళ్లింది. ఆట ముగియడానికి ఇంకో రెండు నిమిషాలుందనగా సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన దెబ్బకు స్కోరు సమమైంది. అదనపు సమయంలోనూ తేలలేదు. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. హాలిచరణ్ నర్జారీ కొట్టిన బంతితో కప్పు హైదరాబాద్‌దైంది. ఆ జట్టులో కుర్రాళ్లను నమ్మి ఆడించడం మనోలో పెట్టిన అలవాటు. ఇప్పటికీ ఆయన్ను తలచుకునేవాళ్లు కప్పు కంటే ముందు చెప్పేది ఆ మాటే.

మరుసటి సీజన్‌లో జట్టు గచ్చిబౌలికి వచ్చింది. లీగ్ పట్టికలో రెండో స్థానంలో నిలిచింది. 2023లో మనోలో ఎఫ్‌సీ గోవాకు వెళ్లారు. ఆ తర్వాత హైదరాబాద్ ఎఫ్‌సీ కథ చూస్తుండగానే కుప్పకూలింది. జీతాల బకాయిలు, ఫిఫా ఆంక్షలు, విదేశీ ఆటగాళ్ల నిష్క్రమణ. కప్పు గెలిచిన రెండేళ్లకు పట్టికలో చిట్టచివర. యాజమాన్యం మారింది. 2025లో జట్టు పేరు మార్చుకుని స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది.

మనోలో 2024లో భారత జట్టుకే కోచ్ అయ్యారు. ఆయన తొలి మ్యాచ్ సెప్టెంబర్ 3న ఎక్కడ జరిగిందో తెలుసా? మన గచ్చిబౌలిలోనే. ప్రపంచ ర్యాంకుల్లో మనకన్నా ఎంతో కింద ఉన్న మారిషస్‌తో 0-0. ఆ తర్వాత సిరియా చేతిలో 0-3. నవంబర్‌లో ఇక్కడే మలేసియాతో 1-1. మొత్తం ఎనిమిది మ్యాచ్‌ల్లో గెలిచింది ఒక్కటే. 2025 జూన్‌లో హాంకాంగ్ చేతిలో ఓటమి తర్వాత, ఏడాది తిరిగేసరికి ఒప్పందం ముగిసింది. క్లబ్బుకు కప్పు తెచ్చిన చేయే దేశానికి ఒక్క గెలుపు దగ్గర ఆగిపోయింది. కోచ్ మారలేదు, ఆయన పద్ధతి మారలేదు. చేతిలో ఉన్న ఆటగాళ్లు, వాళ్లతో గడిపే రోజులు మారాయి. క్లబ్బులో రోజూ కలిసే కుర్రాళ్లు దేశం జట్టులో నెలల తరబడి కనబడరు. ఆయన పోయాక 2025 ఆగస్టులో ఖాలిద్ జమీల్ వచ్చారు. పదేళ్లకు పైగా విదేశీ కోచ్‌లే నడిపిన జట్టుకు మళ్లీ భారతీయ కోచ్. అప్పటి నుంచి కోచ్‌ల చర్చ నడుస్తూనే ఉంది: మనవాడా, పరాయివాడా?

ఈ చర్చలో హైదరాబాద్ మాట ఎక్కడా వినబడకపోవడమే నాకు బాధ. ఎందుకంటే ఈ ప్రశ్నకు అటూ ఇటూ నిలబడి చూసిన మనిషి ఈ ఊరివాడే.

కరాచీలో గెలిచి, ఢాకాలో చేరి

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. డిఫెండర్. అరవైల్లో కోల్‌కతా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు, తర్వాత మోహన్ బగాన్‌కు ఆడారు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో భారత జట్టు కెప్టెన్ ఆయనే. జపాన్‌ను ఓడించి కాంస్యం తెచ్చారు. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు దక్కిన చివరి పతకం అదే. యాభై ఏళ్లు దాటినా ఆ తర్వాత మరొకటి రాలేదు.

ఆట ఆపి విజిల్ పట్టుకున్నాక ఆయన పేరు రెండింతలైంది. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ డ్యురాండ్, రోవర్స్, ఐఎఫ్‌ఏ షీల్డ్ మూడూ ఒకే సీజన్‌లో గెలిచింది. అదే ఏడాదికి ద్రోణాచార్య పురస్కారం. కోల్‌కతా మైదానంలో ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేది క్రమశిక్షణ. తిండి, నిద్ర, జిమ్ము, ఎవరైనా ఒకటే. ఎంత పెద్ద స్టార్ అయినా ఆలస్యంగా వస్తే ఒప్పుకునే మనిషి కాదు. ఈ పట్టుదలే ఆయనకు కప్పులు తెచ్చింది, ఈ పట్టుదల వల్లే కొందరికి కంటగింపయ్యారు.

ఆయన ఢాకా కథ అక్కడి బ్రదర్స్ యూనియన్‌తో మొదలవుతుంది. ఆ క్లబ్ ఢాకాలోని గోపీబాగ్‌ది, నారింజ రంగు జెర్సీలది. ఢాకా ఫుట్‌బాల్ అంటే అబాహనీ, మొహమ్మెడన్. మన దగ్గర ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఎలాగో అక్కడ అవి అలాగ. ఆ రెండు కొండల మధ్య బ్రదర్స్ ఎప్పుడూ మూడో జట్టే. 2003-04 సీజన్‌లో ఆ బ్రదర్స్ యూనియన్ నయీముద్దీన్ చేతుల్లో మొదటిసారి ఢాకా లీగ్ గెలిచింది. కోల్‌కతాలో ఏళ్ల తరబడి బతికినవాడికి ఢాకా మాటా, తిండీ, ఆట మీద అక్కడి పిచ్చీ కొత్త కాదు. కానీ పాస్‌పోర్టు వేరు, జెండా వేరు. అక్కడ ఓడితే నలువైపుల నుంచీ వినబడే మాట ఒకటే: ‘బయటివాడు’.

బంగ్లాదేశ్‌లో సాధించిన పేరుతో తిరిగొచ్చి 2005లో మళ్లీ భారత జట్టు కోచ్ అయ్యారు. అంతకుముందు 1997-98లోనూ ఆ బాధ్యత చూశారు. 2005 డిసెంబర్ 17న కరాచీలో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్ ఫైనల్. ఎదురుగా బంగ్లాదేశ్. మెహ్రాజుద్దీన్ వాడూ ఒక గోల్, బైచుంగ్ భూటియా ఒక గోల్. 2-0తో భారత్ ఛాంపియన్. పాకిస్తాన్ గడ్డ మీద, బంగ్లాదేశ్ మీద, హైదరాబాదీ కోచ్ తెచ్చిన కప్పు.

ఆనందం ఎక్కువ కాలం నిలవలేదు. 2006లో ఆసియా కప్ అర్హత పోటీల్లో జపాన్, యెమెన్ చేతుల్లో వరుసగా ఓటములు. జపాన్‌తో అక్కడ ఆడితే 0-6. ఫెడరేషన్ ఆయన్ను తప్పించి ఇంగ్లండ్‌కు చెందిన బాబ్ హౌటన్‌ను తెచ్చింది. హౌటన్ 1979లో స్వీడన్ జట్టు మాల్మోను యూరోపియన్ కప్ ఫైనల్‌కు చేర్చిన మనిషి, అందులో సందేహం లేదు. కానీ అదే సమయంలో, ఇక్కడ వద్దనుకున్న కోచ్‌ను పక్క దేశం పిలిచింది. 2007లో నయీముద్దీన్ బంగ్లాదేశ్ జాతీయ జట్టు కోచ్ అయ్యారు.

ఆ డ్రెస్సింగ్ రూమ్‌లోకి ఆయన మొదటిసారి అడుగుపెట్టిన క్షణాన్ని ఒకసారి ఊహించండి. ఎదురుగా కూర్చున్నవాళ్లలో కొందరు కరాచీలో ఆయన జట్టు చేతిలో ఓడిపోయినవాళ్లు. ఇప్పుడు ఆయన చెప్పినట్టు పరుగెత్తాలి. క్రికెట్‌లో భారత కోచ్ రెండేళ్లకే పక్క దేశానికి వెళ్లి ఉంటే ఎన్ని చానళ్లలో ఎంత రచ్చ జరిగేదో! ఫుట్‌బాల్ గనక ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

---

బాక్స్: నయీముద్దీన్ విజిల్ బాట

1970: బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కెప్టెన్‌గా కాంస్యం
1990: ఈస్ట్ బెంగాల్ కోచ్‌గా ఒకే సీజన్‌లో మూడు టైటిళ్లు, ద్రోణాచార్య
1997-98: భారత జట్టు కోచ్
2003-04: ఢాకా బ్రదర్స్ యూనియన్‌కు తొలి లీగ్ టైటిల్
2005: భారత్‌కు శాఫ్ కప్, కరాచీ
2007: బంగ్లాదేశ్ జాతీయ జట్టు కోచ్

---

సూట్‌కేసు సర్దుకునే ఉండాలి

2007 అక్టోబర్. 2010 ప్రపంచకప్ అర్హత పోటీ. ఢాకాలో తజికిస్తాన్‌తో 1-1. సొంతగడ్డ మీద పరువు దక్కింది. ఇరవై రోజుల తర్వాత దుషాంబేలో 0-5. విదేశీ కోచ్ బతుకు అక్కడే తేలిపోతుంది. మరుసటి ఏడాదికి బంగ్లాదేశ్ కోచ్ కుర్చీలో వేరేవాళ్లు కూర్చున్నారు.

ఈ ఉద్యోగంలో ఎవరి కథ చూసినా ఇంతే. 2002లో భారత జట్టుకు కోచ్‌గా వచ్చిన ఇంగ్లండ్ దేశస్థుడు స్టీఫెన్ కాన్‌స్టంటైన్‌నే తీసుకోండి. 2003లో హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో-ఏషియన్ క్రీడల్లో భారత్ రజతం గెలిచింది ఆయన హయాంలోనే. మన దగ్గరికి రాకముందు నేపాల్. తర్వాత మలావీ, సూడాన్, రువాండా. 2015లో మళ్లీ భారత్. ఆ తర్వాత పాకిస్తాన్. ఇన్ని దేశాలు చూశాడని అసూయ పడతాం. ఇన్ని ఊళ్లలో పిల్లల బడులు మార్చాలి, ఇన్ని ఒప్పందాలు మధ్యలో ఆగిపోతాయని తట్టదు.

ఒప్పందం సాధారణంగా ఏడాదికో రెండేళ్లకో రాస్తారు. ఫలితం మాత్రం నెలలో అడుగుతారు. ఆటగాడు సరిగ్గా ఆడకపోతే బెంచి మీద కూర్చోబెడతారు, వచ్చే వారం మళ్లీ అవకాశం ఉంటుంది. కోచ్‌కి ఆ బెంచి లేదు. భాష రాకపోతే దుబాసీ కావాలి. ఆట మధ్య విరామంలో దొరికే పదిహేను నిమిషాల్లో మనసులోని కోపమూ ఆశా రెండూ దుబాసీ నోటి నుంచి అంతే వేడిగా వెళ్లాలి. అది ఎప్పుడూ జరగదు. మనోలో లాంటి కోచ్‌లు గెలిచిన చోట జాగ్రత్తగా చూస్తే ఒకటి కనబడుతుంది: అక్కడి తోటి కోచ్‌ల మీద ఆధారపడటం. హైదరాబాద్‌లో ఆయన పక్కన నిలబడిన సహాయ కోచ్ తంగ్‌బోయ్ సింగ్టో. మనోలో వెళ్లాక జట్టును చేతికి తీసుకున్నదీ ఆయనే. పరాయి కోచ్ వచ్చి వెళ్తాడు. ఆయన దగ్గర నేర్చుకున్న స్థానికుడు మిగలాలి. ఊరికి దక్కే అసలు లాభం అదే.

నయీముద్దీన్ ఢాకాను వదిలిపెట్టలేదు. డెబ్బై దాటిన వయసులోనూ బ్రదర్స్ యూనియన్ పిలిస్తే మళ్లీ వెళ్లి విజిల్ పట్టుకున్నారు. ఆ వయసులో మన దగ్గర ఇంట్లోవాళ్లు పార్కులో నడకకే తోడు పంపిస్తారు. ఆయన పరాయి దేశంలో పొద్దున్నే మైదానంలో ఉన్నారు.

సైకిల్ అద్దె ఇచ్చిన మాస్టారు

నయీముద్దీన్ గాల్లోంచి ఊడిపడలేదు. ఆయన్ను, ఆయన తరాన్ని కన్న నేల ఒకటుంది. దాని పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ‘మైదాన్’ సినిమా వచ్చాక ఆయన పేరు కొత్త తరానికీ తెలిసింది. 1909లో పుట్టిన రహీం వృత్తిరీత్యా స్కూల్ టీచరు. కాచిగూడ, చాదర్‌ఘాట్ బడుల్లో పాఠాలు చెప్పారు. 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. ఎడమకాలితో మాత్రమే ఆడాలి, డ్రిబ్లింగ్ చేయకూడదు లాంటి షరతులతో టోర్నీలు పెట్టేవారట. ఆటగాడి బలహీనతను ఆటలోనే సరిచేయడం ఆయన ఆలోచన.

నాకు ఆయన కథల్లో ఎప్పటికీ మరపురానిది తులసీదాస్ బలరామ్‌ది. బలరామ్ సికింద్రాబాద్ శివారు అమ్ముగూడ కుర్రాడు. పేద ఇల్లు. బూట్లు కొనే స్తోమత లేక, పాత పోలీసు బూట్లను చెప్పులు కుట్టేవాడితో ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకున్నాడని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. శిక్షణకు అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే రహీం సైకిల్ అద్దె ఇచ్చారు. ఆ కుర్రాడు 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. భారత్ నాలుగో స్థానంలో నిలిచిన ఆ జట్టులో హైదరాబాదీలు అరడజనుకు మించి ఉన్నారు. 2023 ఫిబ్రవరిలో బలరామ్ కోల్‌కతాలో కన్నుమూశారు.

అమ్ముగూడ నుంచి ఫతే మైదాన్‌కు ఆనాడు ఎంత దూరమో, అన్నోజిగూడ నుంచి గచ్చిబౌలికి ఈనాడు అంతకు మించిన దూరం. పిల్లాడు బస్సెక్కి ఉప్పల్ రావాలి. అక్కడ మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగాలి. మళ్లీ ఆటో. సైకిల్ అద్దె ఇచ్చే రహీం సాబ్ ఎక్కడ?

రహీం విదేశాల్లో ఉద్యోగం చేయలేదు. కానీ దేశం జట్టును తీసుకుని హెల్సింకీ, మెల్‌బోర్న్, రోమ్ వెళ్లారు. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. అప్పటికే ఊపిరితిత్తుల క్యాన్సర్. ఇండోనేసియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్‌లను రానివ్వకపోవడాన్ని భారత ప్రతినిధి తప్పుపట్టినందుకు అక్కడి జనం మన మీద మండిపడుతున్నారు. మన రాయబార కార్యాలయం మీదే దాడి జరిగింది. సెప్టెంబర్ 4న ఫైనల్లో స్టేడియమంతా ప్రత్యర్థి దక్షిణ కొరియాకే కేకలు. అంతకుముందు రోజు రాత్రి ఆటగాళ్లను పిలిచి, రేపు గెలుపే నాకు మీరిచ్చే కానుక అన్నారట. తలకు కుట్లు పడ్డ జర్నైల్ సింగ్‌ను డిఫెన్స్ నుంచి ముందుకు పంపారు. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1. మరుసటి ఏడాది జూన్ 11న రహీం వెళ్లిపోయారు. ఇల్లు కాని చోట, అంతా ఎదురుగా ఉన్నప్పుడు జట్టును ఎలా నిలబెట్టాలో ఈ ఊరి కోచ్‌లకు ఆయన చేసి చూపించిన పాఠం అది.

---

బాక్స్: ఒకప్పటి హైదరాబాద్

▪ సంతోష్ ట్రోఫీ: హైదరాబాద్ 1956-57, 1957-58లో, ఆంధ్రప్రదేశ్ 1965-66లో విజేత.
▪ 1951, 1962 ఆసియా క్రీడల స్వర్ణాలు రెండూ రహీం కోచింగ్‌లోనే.
▪ 1977లో పెలే కాస్మోస్ జట్టుపై కోల్‌కతాలో మోహన్ బగాన్ 2-2తో నిలిస్తే, గోల్ కొట్టినవాళ్లలో ఒకరు హైదరాబాదీ మహమ్మద్ హబీబ్.
▪ 1998-99లో సాల్గావ్‌కర్‌కు జాతీయ లీగ్ టైటిల్ తెచ్చిన కోచ్ షబ్బీర్ అలీ కూడా హైదరాబాదీయే.

---

బడి ఎందుకు మూతపడింది

రహీం పోయాక ఆట ఒక్కరోజులో చావలేదు. నెమ్మదిగా సన్నగిల్లింది. ఆనాడు ఫుట్‌బాల్ ఆడితే పోలీసు ఉద్యోగం వచ్చేది, బ్యాంకులో, ప్రభుత్వ రంగ సంస్థలో కొలువు దొరికేది. అబ్బాయి ఆడుకుంటున్నాడంటే ఇంట్లో తిట్టేవాళ్లు కాదు, దారి దొరికిందనుకునేవాళ్లు. ఆ నియామకాలు తగ్గాయి, జట్లు తగ్గాయి. మంచి ఆటగాళ్లను కోల్‌కతా క్లబ్బులు పట్టుకుపోయాయి. ఒక తరం వెళ్లాక వెనక ఇంకో తరం రాలేదు. 1996లో జాతీయ లీగ్ మొదలయ్యేనాటికి హైదరాబాద్‌కు గట్టి క్లబ్ లేదు. ఉన్న మైదానాలు సభలకు, పెళ్లిళ్లకు, పార్కింగ్‌కు అక్కరకొచ్చాయి. అప్పటికే క్రికెట్ అన్నింటినీ మింగింది. 2005లో ఉప్పల్‌లో అంతర్జాతీయ క్రికెట్ స్టేడియం వచ్చింది. నగరానికి తూర్పున ఆట అంటే ఇక అదే. మెట్రో స్టేషన్‌కు కూడా ‘స్టేడియం’ అనే పేరే పెట్టారు. క్రికెట్ మీద నాకు కోపం లేదు. ఇంత పెద్ద తూర్పు హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ కోసం గీత గీసి వదిలిన సరైన మైదానం వెతుక్కోవాల్సి రావడం మాత్రం అన్యాయం.

అలాగని అంతా చీకటేమీ కాదు. అజీజ్‌నగర్‌లో శ్రీనిధి డెక్కన్ క్లబ్ సొంత మైదానం కట్టుకుంది. 2024 డిసెంబర్‌లో సంతోష్ ట్రోఫీ చివరి దశ హైదరాబాద్‌లో జరిగింది. నిజామాబాద్ జిల్లా తండా అమ్మాయి గుగులోత్ సౌమ్య దేశం జట్టుకు ఆడటమే కాదు, క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్ జెర్సీ కూడా వేసుకుంది. ఆటగాళ్లు పుడుతూనే ఉన్నారు. ఆ ఆటగాళ్లను పదేళ్ల వయసులోనే గుర్తుపట్టే మనుషులే తక్కువయ్యారు.

---

బాక్స్: కోచ్ ఎక్కాల్సిన మెట్లు

భారత్‌లో కోచ్ కావాలంటే ఫుట్‌బాల్ సమాఖ్య ‘డి’ లైసెన్సుతో మొదలు. తర్వాత ఆసియా సమాఖ్య గుర్తింపు ఉన్న సి, బి, ఎ, ప్రో. ఒక్కో మెట్టుకీ మధ్యలో పని అనుభవం చూపించాలి. పెద్ద లీగ్‌లో ప్రధాన కోచ్ కావాలంటే ‘ప్రో’ ఉండాలి. యూరప్‌లో అక్కడి సమాఖ్య లైసెన్సు అడుగుతారు. ఆసియా లైసెన్సు ఉన్నంత మాత్రాన అక్కడ తలుపు తెరుచుకోదు. అందుకే మన కోచ్‌లకు మొదట అందే విదేశాలు పొరుగు దేశాలు, గల్ఫ్ దేశాలు.

---

ఖర్చు ఎవరు పెట్టాలి?

లైసెన్సు మెట్లు ఎక్కడానికి ఫీజు కావాలి, సెలవు కావాలి, వేరే రాష్ట్రం వెళ్లి ఉండే ఖర్చు కావాలి. ప్రైవేటు స్కూల్లో పీఈటీ జీతం మీద బతికేవాడికి ఇవి మూడూ కష్టమే. పైగా స్కూల్లో పీఈటీ అంటే ప్రార్థన వరసలు సరిచేయాలి, స్కూలు బస్సుల దగ్గర నిలబడాలి, పరీక్షల వేళ కాపలా కాయాలి. ఆట మిగిలిన సమయంలో. ‘సి’ నుంచి ‘బి’కి వెళ్లేసరికే చాలామంది ఆగిపోతారు. కొందరు సర్టిఫికెట్ పెట్టెలో పెట్టి వేరే పని చూసుకుంటారు. ఇంకొందరు గల్ఫ్ వైపు చూస్తారు. మన పల్లెల నుంచి ఎడారికి వెళ్లిన కూలీల దారిలోనే ఇప్పుడు విజిల్ మెడలో వేసుకుని వెళ్లే కుర్రాళ్లూ ఉన్నారు. వెళ్లడం తప్పు కాదు. ఇక్కడ దారి లేక వెళ్లడం వేరు, ఇక్కడ గెలిచి నయీముద్దీన్‌లా పిలుపు మీద వెళ్లడం వేరు.

ఖాలిద్ జమీల్‌ను చూడండి. కువైట్‌లో పుట్టి, ఇక్కడికి వచ్చి, ఆడి, చిన్న క్లబ్బుల్లో ఏళ్ల తరబడి కోచ్‌గా పనిచేసి, మెట్టు మెట్టుగా ఎక్కి దేశం కోచ్ అయ్యారు. ఆ మెట్లు ఉన్నది ముంబైలో, మిజోరం సహా ఈశాన్యంలో. హైదరాబాద్‌లో అలాంటి మెట్లు రెండో మూడో ఉన్నాయేమో, అంతే. ఊళ్లో క్లబ్బుల లీగ్ ఏడాది పొడవునా జరిగితే వాటికి కోచ్‌లు కావాలి. పిల్లల జట్లుంటే సహాయ కోచ్‌లు కావాలి. తప్పులు చేసి నేర్చుకోవడానికి ఊళ్లోనే చోటు కావాలి. ఆ తర్వాతే ఢాకా, దోహా, జాగ్రెబ్.

అందుకే ఈ కథనం చదివే తూర్పు హైదరాబాద్ వాసులకు నా విన్నపం. ఉప్పల్ నుంచి ఘట్‌కేసర్ దాకా కొత్త కాలనీలు రోజుకొకటి లేస్తున్నాయి. ప్రతి లేఅవుట్‌లోనూ పార్కుకు, ఆటస్థలానికి కొంత జాగా వదలాలని నిబంధన ఉంది. మీ కాలనీ సంఘం మీటింగ్‌లో ఆ జాగా ఎక్కడుందో అడగండి. అక్కడ బోరు షెడ్డో కమ్యూనిటీ హాలో లేవకముందే రెండు గోల్‌పోస్టులు పాతించండి. మీ పిల్లల స్కూల్లో పీఈటీని ఆట గంటలో ఆటకే వదిలేయమని ప్రిన్సిపాల్‌కు ఒక మాట చెప్పండి. నాచారం పరిశ్రమల వాళ్లు తలా ఒక కుర్రాడి ‘సి’ లైసెన్సు ఫీజు భరిస్తే వాళ్ల పద్దుల్లో అది కనబడను కూడా కనబడదు. రాష్ట్ర ప్రభుత్వం క్రీడా విధానం గురించి మాట్లాడేటప్పుడు స్టేడియాల కంటే ముందు కోచ్‌ల జీతాల గురించి మాట్లాడాలి. ప్రభుత్వ బడికి ఒక్క ఫుట్‌బాల్ కోచ్‌ను శాశ్వత ఉద్యోగంలో వేస్తే, పదేళ్లలో ఆ బడి నుంచి ఎంతమంది ఆటగాళ్లు వస్తారో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు చరిత్రే చెబుతుంది.